కొత్త పిస్తోలుపై ముగ్గురి అభిప్రాయాలు

సోమవారం ఉదయం చక్రధర్ ఆఫీసుకు వచ్చేసరికి మెట్ల మీద ఒకతను కూర్చుని ఉన్నాడు. పేరు హరికృష్ణ అని చెప్పాడు. టాంపినీస్‌లో కాపురం, సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. లోపలికి వచ్చి కూర్చున్నాడు.

"మీ ఆవిడ సంగతా?" అని చక్రధర్ అడిగాడు. సింగపూర్ సెరంగూన్ రోడ్డులోని ఆ గదికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆ పని మీదే వస్తారు. ఈ డిటెక్టివ్ ఆఫీసు పెట్టకముందు అతను పోలీసు శాఖలో ఉండేవాడు. అక్కడా అలసిపోయాడు, ఇక్కడా అలసిపోయాడు.

"కాదండీ. నా ల్యాప్‌టాప్ బ్యాగులో పిస్తోలు దొరికిందండీ. అది నాది కాదు."

పక్క టేబుల్ దగ్గర టైపు చేస్తున్న భువన చేతులు ఆగాయి. ఆమె చక్రధర్ సహాయకురాలు. సింగపూర్‌లోనే పుట్టి పెరిగింది. ఆయనకు తెలియనిది లేదని ఆమె నమ్మకం. ఆయనకు ఆ నమ్మకం లేదు.

"అంకుల్, దిస్ వన్ పోలీస్ కేసు లా," అంది. మాట చివర 'లా' తగిలించడం ఆ ఊరి అలవాటు.

"ఎవరు చూశారు?" అన్నాడు చక్రధర్ హరికృష్ణతో.

"మా ఆవిడ నవత. నిన్న పొద్దున చార్జర్ కోసం వెతుకుతుంటే కనబడింది. పోలీసులకి ఏమని చెప్పమంటారు? ఎక్కడిదో తెలీదంటే నమ్ముతారా? నాదేనంటే జైలు. బయటికి రాగానే ఉద్యోగ పాస్ రద్దు చేసి విమానం ఎక్కిస్తారు."

"పిస్తోళ్లంటే మీకు ఇష్టమా?"

హరికృష్ణ తల దించుకున్నాడు. "అదేనండీ వచ్చిన చిక్కు."

వాళ్లు నలుగురు. ఇంటర్నెట్ ఫోరంలో కలిశారు. ప్రపంచంలో ఏ కంపెనీ కొత్త సెమీ ఆటోమేటిక్ పిస్తోలు విడుదల చేసినా దాని మీద రాసుకుంటారు, శనివారం టాంపినీస్ రైలు స్టేషన్ ఎదుటి హాకర్ సెంటర్‌లో, ఆ తిండి కొట్ల బల్లల దగ్గర కూర్చుని వాదించుకుంటారు. నలుగురిలో పిస్తోలు కాల్చినవాడు ఒక్కడే, షూటింగ్ క్లబ్బు సభ్యుడు సాంబమూర్తి. క్లబ్బు పిస్తోలు క్లబ్బు దాటి బయటికి రాదు. మిగతా ముగ్గురూ, అంటే కృష్ణప్రసాద్, తిరుమలేష్, హరికృష్ణ, ఫొటోలు చూసి మాట్లాడతారు.

"మొన్న శనివారం బ్యాగు ఎక్కడ పెట్టారు?"

"టేబుల్ మీద. చోప్ చేశానండీ, సీటు మాదని గుర్తుగా. మధ్యాహ్నం అక్కడ సీటు దొరకదు. బ్యాగు టేబుల్ మీద పెట్టేసి అందరం తలో లైన్లో నిలబడ్డాం. ఎవరి తిండి వాళ్లు తెచ్చుకున్నాం. ఎవరు ముందొచ్చారో నేను చూళ్లేదు."

ముగ్గురూ టాక్సీలో టాంపినీస్ వెళ్లారు. నవత పడకగది తలుపుకు తాళం వేసి, బయట కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది.

"నేను చెబుతూనే ఉన్నా సార్," అంది. "ఇంట్లో కూరగాయల కత్తి పదును పెట్టడం రాదు, పిస్తోలు ట్రిగ్గర్ మెత్తగా ఉందో గట్టిగా ఉందో మాత్రం రాత్రి ఒంటిగంటదాకా వాదిస్తాడు. ఇప్పుడు సంతోషమేనా?"

హరికృష్ణ తాళంచెవి తీసుకుని గది తెరిచాడు.

చక్రధర్ చేతికి రుమాలు చుట్టుకుని బ్యాగులోంచి పిస్తోలు తీశాడు. తేలిగ్గా ఉంది. గొట్టం లోపల ఇంకో సన్నగొట్టం ఉంది, దాంట్లో శనగగింజంత ప్లాస్టిక్ గుండు పడుతుంది. "బొమ్మ," అన్నాడు. హరికృష్ణ ఊపిరి వదిలాడు. "తొందరపడకండి. ఈ దేశంలో లైసెన్సు లేకుండా ఇలాంటి బొమ్మ ఉంచుకోవడమూ నేరమే."

నెల క్రితం యూరప్ కంపెనీ ఒకటి ప్రకటించిన కొత్త పిస్తోలుకు అది నకలు. ఎడమవైపు, బొటనవేలు ఆనే చోట, చిన్న సేఫ్టీ మీట ఉంది. చక్రధర్ దాన్ని నొక్కాడు. బిగుతుగా ఉండి, రెండోసారికి గాని కదల్లేదు. మళ్లీ బ్యాగులో పెట్టేశాడు.

"ఆదివారం ఎవరైనా ఫోన్ చేశారా?"

"ఇద్దరు చేశారు," అంది నవత. "కృష్ణప్రసాద్ ఏదో సర్వర్ గురించి అడిగాడు. సాంబమూర్తి అంకుల్ టిఫిన్‌కి వస్తానన్నారు. అప్పటికే ఇది కనబడింది. ఒంట్లో బాగాలేదని చెప్పేశా."

"సాయంత్రం మీ స్నేహితులు ముగ్గుర్నీ ఇక్కడికి పిలవండి. కారణం చెప్పొద్దు. ఆ తర్వాత ఏమైనా ఇది పోలీసులకు చేరాల్సిందే. ఎవరి చేతుల్లోంచి చేరుతుందన్నదే నేను చూడగలిగింది."

క్లబ్బులో చేరదలచినవాడిగా పరిచయం చేసుకుని చక్రధర్ ముగ్గుర్నీ కలిశాడు. అందర్నీ ఒకటే అడిగాడు: కొత్త పిస్తోలు మీద మీ అభిప్రాయం ఏమిటి?

కృష్ణప్రసాద్ బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలో మేనేజరు. రాఫిల్స్ ప్లేస్‌లో కాఫీ తాగుతూ ల్యాప్‌టాప్ తెరిచి చూపించాడు.

"కంపెనీ వదిలింది ఈ ఒక్క ఫొటోనే సార్, అదీ కుడివైపుది. మొత్తం ఫోరం దీని మీదే కొట్టుకుంటోంది. నన్నడిగితే వేస్ట్. పేరు కోసం రేటు పెంచారు. గురువారం హాంకాంగ్ నుంచి వస్తూ ఫ్లైట్లో దీని మీద రెండు పేజీలు రాశా. చదువుతారా?"

"తర్వాత చదువుతాను. శనివారం మీరు ట్రైన్లోనే వెళ్లారా?"

"అవును సార్. తిరిగి వచ్చేప్పుడు టాంపినీస్ స్టేషన్ గేటు దగ్గర పోలీసులు బ్యాగులు చెక్ చేస్తున్నారు. లండన్ రైళ్లలో బాంబులు పేలిన తర్వాత ఇదో తలనొప్పి."

సాంబమూర్తి బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. ఈ ఊరు వచ్చి ముప్ఫై ఏళ్లు దాటింది. బిషాన్‌లో ఇల్లు. భార్య హైమావతి టీ తెచ్చింది.

"మకాన్ అయిందా, తిన్నారా?" అని అడిగి సాంబమూర్తి కూర్చోబెట్టాడు. "ఈ కుర్రాళ్లు ఫొటో చూసి తీర్పు చెబుతారు లా. పిస్తోలు చేతికి తెలియాలి. ఈ కొత్తదాని పిడి బాగుంది. మీటే బాగాలేదు. మరీ బిగుతు. బొటనవేలు నొప్పి పుడుతుంది."

"మీకు క్లబ్బులో అన్నీ చూసే వీలుంటుంది."

"ముప్ఫై ఏళ్ల అనుభవం గదా."

"ఆయనకి తిరుగుడు ఎక్కువ," అంది హైమావతి. "పోయిన వారమే కారేసుకుని థాయ్‌లాండ్ బోర్డర్ దాటి హాత్యాయ్ దాకా వెళ్లొచ్చాం. వచ్చిన మర్నాడే కారు షెడ్డుకు పోయింది. శనివారం పాపం ట్రైన్లో వెళ్లారు."

తిరుమలేష్ సెంబవాంగ్ షిప్‌యార్డులో ఇంజినీరు. గేటు బయటికి వచ్చి మాట్లాడాడు.

"నా అభిప్రాయం ఏముంటది సార్? ఫొటోల మంచిగనే ఉంది. నేను బుధవారం బ్యాంకాక్ నుంచి ఫ్లైట్ దిగిన, ఇంక నిద్రే సరిపోలే. శనివారం గూడ వాళ్లు కొట్లాడుతుంటే ఇన్న, తిన్న, ట్రైనెక్కిన. గంతే."

తిరుగు దారిలో భువన అంది: "అంకుల్, తిరుమలేషే. బ్యాంకాక్‌లో టాయ్ గన్స్ ఎక్కడైనా దొరుకుతాయి. అభిప్రాయం లేదంటున్నాడు, దాస్తున్నాడు."

"అభిప్రాయం దాచుకోగలిగినవాడు ఈ గుంపులో ఉన్నాడంటే నాకు నమ్మకం లేదు," అన్నాడు చక్రధర్. క్లబ్బు ఆయుధాగారం చూసే మనిషికి ఫోన్ చేశాడు. రెండు ప్రశ్నలు అడిగి పెట్టేశాడు. తర్వాత పాత స్నేహితుడైన ఇన్‌స్పెక్టర్‌కు ఫోన్ చేశాడు.

సాయంత్రం హరికృష్ణ ఫ్లాట్‌లో అందరూ చేరారు. చక్రధర్ బ్యాగు తెరిచి టీపాయ్ మీద పెట్టాడు. లోపలున్నది కనిపించింది. కృష్ణప్రసాద్ లేచి నిలబడ్డాడు. తిరుమలేష్ "ఓర్నీ" అన్నాడు. సాంబమూర్తి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇది హరికృష్ణ గారికి హాని చెయ్యాలని పెట్టింది కాదు," అని చక్రధర్ మొదలుపెట్టాడు. "ఒకాయన మీకు చూపిద్దామని తెచ్చారు. టేబుల్ దగ్గరికి ముందు తిరిగొచ్చి చూస్తే, ఎదురుగా స్టేషన్ గేటు దగ్గర పోలీసులు అప్పుడే వచ్చి బ్యాగులు విప్పిస్తున్నారు. మీ ముగ్గురూ ట్రైన్ ఎక్కాలి. ఎక్కనవసరం లేనివాడు హరికృష్ణ ఒక్కడే, నడిచి ఇంటికి పోతాడు. అతని బ్యాగు టేబుల్ మీద చోప్ చేసి ఉంది. దాంట్లోకి తోసేశారు. మర్నాడు వచ్చి తీసుకుందామనుకున్నారు."

"మర్నాడు నేనూ ఫోన్ చేశా సార్," అన్నాడు కృష్ణప్రసాద్.

"మీరు సర్వర్ గురించి చేశారు, ఇంటికి వస్తాననలేదు. పైగా మీరు హాంకాంగ్ నుంచీ, తిరుమలేష్ బ్యాంకాక్ నుంచీ విమానంలో వచ్చారు. విమానాశ్రయంలో సామాను ఎక్స్‌రే కిందికి పోతుంది. ఇలాంటిది కారులో తేవడం తేలిక. అయితే ఇవన్నీ అనుమానాలే. అసలు విషయం మీ అభిప్రాయాల్లో ఉంది."

చక్రధర్ రుమాలుతో పిస్తోలును ఎడమవైపు కనబడేలా తిప్పాడు.

"కంపెనీ వదిలిన ఫొటో కుడివైపుది. ఎడమవైపు ఏముందో మీలో ఎవరికీ తెలియదు. సాంబమూర్తి గారు మాత్రం మీట బిగుతుగా ఉందన్నారు. ఆ మీట ఎడమవైపే ఉంది. నేనూ నొక్కి చూశాను, బిగుతే."

"క్లబ్బులో చూసి ఉండొచ్చు గదా," అన్నాడు సాంబమూర్తి.

"ఆ పిస్తోలు క్లబ్బుకు ఇంకా రాలేదు. డీలర్ల ప్రదర్శనలో దాన్ని చూసిన మనిషి మీ ఆయుధాగారంలోనే ఉన్నాడు. అడిగాను. అసలు పిస్తోలుకు మీటే లేదు సార్. బొమ్మ చేసినవాడూ ఆ ఒక్క ఫొటోనే చూశాడు. రెండోవైపు వేరే పిస్తోలు మీట తెచ్చి అతికించాడు. దాన్ని నొక్కినవాడికి తప్ప అది ఇంకెవరికీ తెలియదు."

సాంబమూర్తి కళ్లజోడు పెట్టుకున్నాడు.

"ఒకప్పుడు వీళ్లు నన్ను అడిగేవాళ్లు," అన్నాడు. "అంకుల్, పట్టుకుంటే ఎలా ఉంటుంది, కాలిస్తే చెయ్యి ఎంత అదురుతుంది అని. ఇప్పుడు అన్నీ నెట్‌లో ఉన్నాయి. నేను నోరు తెరిస్తే లింకు పంపిస్తారు. హాత్యాయ్ బజార్లో ఇది కనబడింది. ఒక్క శనివారం అందరి కంటే ముందు నేను చెప్పొచ్చు అనుకున్నా లా."

"నా ఉద్యోగం పోయేది అంకుల్," అన్నాడు హరికృష్ణ. "ఇల్లు పోయేది. మీరు టిఫిన్‌కి వస్తానన్నారు గానీ, అరే అబ్బాయ్, నీ బ్యాగులో ఇదుంది, జాగ్రత్త అని ఒక్క ముక్క చెప్పలేదే."

"చెబుదామనే ఫోన్ తీశా. నవత ఎత్తింది."

"ఎత్తింది నేనే," అంది నవత. "నాకైనా చెప్పొచ్చుగా?"

"కింద పోలీసు జీపు వచ్చి ఉంటుంది," అన్నాడు చక్రధర్. "బ్యాగు మీరు తీసుకుని, జరిగింది మీరే చెబితే, హరికృష్ణ ఇందులో సాక్షి అవుతాడు. మీరు చెప్పకపోతే నేను చెబుతాను. అప్పుడు అది వేరే కేసవుతుంది."

"క్లబ్బు లైసెన్సు పోతుంది గదా."

"పోతుంది. కోర్టు కూడా ఉంటుంది."

సాంబమూర్తి బ్యాగు జిప్పు వేసి భుజానికి తగిలించుకున్నాడు.

అందరూ లిఫ్టులో దిగారు. కింద జీపు ఇంకా రాలేదు. బ్లాకు కింద సిమెంటు బల్ల మీద సాంబమూర్తి బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తిరుమలేష్ అటూ ఇటూ చూసి ఆయన పక్కన కూర్చున్నాడు.

"అంకుల్."

"ఏంటి?"

"పిడి నిజంగనే మంచిగుందా?"

సాంబమూర్తి అతని వంక చూశాడు. తర్వాత కుడిచెయ్యి పైకెత్తి, పిడి పట్టుకున్నట్టు గాలిలో మూడు వేళ్లు ముడిచాడు. "చిటికెన వేలికి చోటుండదు," అన్నాడు. "మిగతా అంతా..."

కృష్ణప్రసాద్ దగ్గరికి జరిగాడు. "ఫోరంలో అందరూ చోటుంటుందనే రాశారంకుల్."

"వాళ్లు పట్టుకున్నారా?"

భువన చక్రధర్ వైపు చూసింది. ఆయన స్తంభానికి ఆనుకుని కళ్లు మూసుకుని ఉన్నాడు. జీపు మలుపు తిరుగుతోంది. హరికృష్ణ అడుగు ఒకటి బల్ల వైపు పడింది. నవత అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.