గేరు మీద రెండో చెయ్యి

ఆ సాయంత్రం పాపకి ఆయాసం మొదలయ్యే సరికి నా వ్యాను రిపేరులో ఉంది. పక్కింట్లో ఉండే మా బావ డ్యూటీకని కంపెనీ బస్సెక్కబోతూ తన కొత్త కారు తాళాలు నా చేతిలో పెట్టాడు. క్లచ్ లేని ఆటోమేటిక్ బండి. ఇచ్చి ఊరుకుంటే బాగుండేది. పాప వెనక సీట్లో ఊపిరందక ఎగపోస్తుంటే, కిటికీలో తల దూర్చి పాఠం మొదలెట్టాడు.

"పి అంటే పార్కింగు. ఆర్ వెనక్కి. ఎన్ న్యూట్రలు. డి ముందుకి. కొండ దిగేటప్పుడు మాత్రం ఎల్‌లో పెట్టుకో బావా. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఊరికే బ్రేకు తొక్కుతూ పోకు."

"నాకు డ్రైవింగు నేర్పుతున్నావా?" అన్నాను. స్టీరింగు పట్టి పట్టి చేతులు కాయలు కాచినవాణ్ణి. ఒళ్లు మండింది.

కాలు బెణికి మెట్లు దిగలేని మా ఆవిడ గుమ్మంలోనే ఉండిపోయింది. ఇంట్లో తనొక్కతే.

ఆసుపత్రి కొండ కింద ఉంది. మొదటి మలుపు దాటగానే మంచు కమ్మేసింది. లైట్లు వేస్తే ఎదురుగా తెల్లగోడ. చెట్ల మీంచి నీటిబొట్లు టాపు మీద టపటప రాలుతున్నాయి. తడిమట్టి వాసన. నా ఎడమకాలు అలవాటుగా లేని క్లచ్‌ని వెతుక్కుంటోంది. చెయ్యి కూడా అలవాటుగానే లివరుని ఎన్‌లోకి నెట్టింది. వ్యాన్లు తోలేవాళ్లకి ఇదో రోగం. దిగుడు కనిపిస్తే చాలు, న్యూట్రలు. పెట్రోలు కలిసొస్తుందని.

బండి చప్పుడు లేకుండా జారింది. హాయిగానే ఉంది, కాసేపు.

తర్వాత మలుపులు దగ్గరపడ్డాయి. బ్రేకు తొక్కాను. మళ్లీ తొక్కాను. కాలిన వాసన... పెడలు మెత్తబడి లోపలికి దిగిపోతోంది. వేగం తగ్గడం లేదు. పాప పోతుందని భయం వేసింది. నా చేతుల్లోనే పోతుందని.

లివరు పట్టుకున్నాను.

అరచేతి కింద చల్లగా ఏదో తగిలింది. ప్లాస్టిక్ కాదు. వేళ్ల కణుపులు...

ఆ చెయ్యి లివరుని కిందికి లాగింది. నేను పైకి లాగాను. అది వదల్లేదు. డి దాటింది. ఎల్‌లో పడింది. ఇంజను గర్జించింది, బండి ముక్కు నేలకి వంగింది, వేగం చచ్చిపోయింది. మంచులోంచి ఒక లారీ వెనకభాగం బయటపడింది. లైట్లు లేవు. సగం రోడ్డు ఆక్రమించి ఆగిపోయి ఉంది. దానికి జానెడు దూరంలో ఆగాం.

"నాన్నా..." పాప గొణిగింది. "ఎవరితో పెనుగులాడుతున్నావు?"

"ఎవరూ లేరు తల్లీ. పడుకో."

లారీ పక్కనుంచి తప్పించి, మిగతా దారంతా ఎల్‌లోనే, నత్తనడకన దిగాను. లివరు వైపు చూడలేదు.

ఆసుపత్రిలో పాప మొహానికి మాస్కు తగిలించి మందు పొగ పట్టించారు. కాసేపటికి పెదాలకి రంగొచ్చింది. "ఇంకేం పర్లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అంది డాక్టరమ్మ. కంగారులో మనసు ఏవేవో కల్పించిందని సర్దిచెప్పుకున్నాను. బ్రేకులు కూడా చల్లారి గట్టిపడ్డాయి. ఎక్కేటప్పుడు వాటితో పెద్ద పని ఉండదులే అనుకున్నాను.

పాపని వెనక పడుకోబెట్టి, బెల్టు కట్టి, ఇంజను స్టార్ట్ చేశాను. బ్రేకు తొక్కి 'పి'లోంచి లివరు లాగాను.

కదల్లేదు.

మళ్లీ ఆ కణుపులు. ఈసారి లాగడం లేదు. లివరుని 'పి'లోనే బిగించి పట్టుకున్నాయి.

ఫోన్ మోగింది. మా ఆవిడ.

"ఏమండీ, ఇంటి ముందుకొచ్చి బండిలోనే కూర్చున్నారేంటి?" గొంతులో నవ్వు. "కొండంతా రివర్సులోనే ఎక్కారా? ఆ వెనక లైటు కళ్లలో కొడుతోంది."

ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకున్నాను.

"తలుపు... తియ్యకు" అన్నాను.

"ఏంటీ? వినబడట్లేదు. ఉండండి, పాప దిగి వస్తోంది. ఎత్తుకోమని చేతులు చాస్తోంది, పిచ్చితల్లి."

అద్దంలో చూశాను. పాప వెనక సీట్లో నిద్రపోతోంది.

ఫోన్లో గొళ్లెం తీసిన చప్పుడు వినిపించింది.