షీబా కోసం ప్రార్థన

పొయ్యి వెలిగించినప్పటి నుంచీ ఫోన్ మోగుతూనే ఉంది. దెబోరా ఒక చేత్తో ఉప్మా కలుపుతూ, రెండో చేత్తో ఫోన్ స్పీకర్‌లో పెట్టి గట్టు మీద ఆనించింది. అవతల నూకమ్మ. చర్చిలో స్త్రీల సమాజానికి పెద్దావిడ.

"ఏటి దెబోరా, పిల్ల సదువుతందా? ఆదివారం పాస్టరయ్యగారు పేరెట్టి మరీ ప్రార్థన సేసేరు కదా, ఇంక బయమేటి?"

"చదువుతంది పిన్నిగారూ. రేపే మొదటి పేపరు. మీ అందరి ప్రార్థనలే దానికి బలం."

"ర్యాంకు రావాల. మన సంఘం పేరు నిలబెట్టాల. నానన్నానని సెప్పు."

పక్క గదిలో భోజనాల బల్ల దగ్గర కూర్చుని షీబా అంతా వింటోంది. ఎదురుగా పుస్తకం తెరిచే ఉంది. దెబోరా వంటింట్లోంచి చూస్తున్నంతసేపూ ఆ పేజీ తిరగలేదు.

ఆ వారం యేసుదాసుకి పొద్దుటి షిఫ్టు. ఈ హిందీవాళ్ల ఊళ్లోని స్టీలు ప్లాంటులో, రైలు పట్టాలు చేసే మిల్లులో క్రేను నడుపుతాడు, తెల్లవారకముందే వెళ్లిపోయాడు. సెక్టర్ 2లోని ఆ క్వార్టర్‌లో ఇప్పుడు ముగ్గురే ఉంటున్నారు. పెద్దవాడు హార్వే ఇంజనీరింగ్ మధ్యలో మానేసి, వైశాలి నగర్‌లో మొబైల్ రిపేరు షాపు పెట్టుకుని, ఆ షాపు పైగదిలోనే ఉంటున్నాడు. "డిగ్రీ చేతికొచ్చేదాకా ఈ గుమ్మం తొక్కకు" అని దెబోరాయే అంది. వాడు మళ్లీ తొక్కలేదు. అప్పటి నుంచి ఆవిడ ఆశలన్నీ షీబా మీదికి మళ్లాయి. షీబాదీ ఇంజనీరింగే, మూడో ఏడు.

"తినవే, చల్లారిపోతంది."

షీబా చెంచా నోటిదాకా తీసుకెళ్లి దించేసింది. "భూఖ్ నహీ హై మమ్మీ. గొంతు దిగట్లేదు."

గబుక్కున లేచి బాత్‌రూమ్‌లోకి వెళ్లింది. కుళాయి పూర్తిగా తిప్పిన చప్పుడు. ఆ చప్పుడు చాటున పిల్ల వాంతి చేసుకోవడం తలుపు బయట నిలబడ్డ దెబోరాకి వినిపించింది. తిన్నదేమీ లేదు, బయటికి రావడానికి. పరీక్షలంటే ఎవరికైనా మామూలేలే అని తనకి తనే చెప్పుకుంది.

షీబా మొహం తుడుచుకుంటూ వచ్చి తల్లి చేతిని తన గుండె మీద పెట్టుకుంది. "చూడు మమ్మీ, ఎలా కొట్టుకుంటోందో. పడుకుంటే ఊపిరి ఆగిపోతున్నట్టుంటోంది. చదివిందంతా... సబ్ బ్లాంక్. ఏమీ గుర్తు రావట్లేదు."

చేతి కింద గుండె పిట్టలా తన్నుకుంటోంది. దెబోరా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అలాంటివి మనసులో పెట్టుకోకు. సాయంత్రం స్త్రీల సమాజం వాళ్లు మనింటికి వస్తన్నారు. ప్రార్థన అయ్యేక అన్నీ సర్దుకుంటాయి."

షీబా మొహం పాలిపోయింది. "వాళ్లందరూనా? మత్ బులావో మమ్మీ. పిలవొద్దు, ప్లీజ్."

"తప్పే, అలా అనకూడదు."

సాయంత్రం ముందు గదినిండా చాపలు పరిచారు. షీబాని మధ్యలో మోకాళ్ల మీద కూర్చోబెట్టి, అందినవాళ్లందరూ ఆ పిల్ల నెత్తి మీద చేతులు ఉంచారు. షిఫ్టు నుంచి వచ్చిన యేసుదాసు గుమ్మం పక్కన తలొంచుకుని నిలబడ్డాడు. నూకమ్మ గొంతు అంతకంతకూ పెరిగింది.

"ప్రభువా, ఈ బిడ్డ తన అన్నలాగ దారి తప్పకుండా సూడు నాయనా. ఈ తల్లికి రెండోసారి తలవంపులు తేకుండా కాపాడు తండ్రీ..."

షీబా భుజాలు వణకడం మొదలుపెట్టాయి. భక్తితో ఏడుస్తోందనుకుని పక్కావిడ ఇంకాస్త గట్టిగా అదిమింది.

"బస్!" షీబా ఒక్కసారిగా లేచింది. చేతులు చెల్లాచెదురయ్యాయి. "తీయండి! నాకు ఊపిరాడట్లేదు! నా కోసం ఎవరూ ప్రార్థన చెయ్యొద్దు!"

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయారు. ఆఖరి మనిషి మెట్లు దిగేదాకా ఆగింది దెబోరా.

"అందరి ముందూ నా పరువు తీసేవు కదే!"

"నీకు పరువే కావాలి. నేను చచ్చినా నీకు..."

మాట పూర్తికాకుండానే చెంప మీద దెబ్బ పడింది.

"దెబోరా! ఏటిది?" యేసుదాసు అడ్డం వచ్చాడు. "పిల్ల రంగు సూడు ఎలా ఉందో. రేపు ఒంట్లో బాగోకపోతే మానేస్తాది. అంతే కదా."

"మీరిలా అనబట్టే ఒకణ్ణి చేజార్చుకున్నాం. దీన్ని కూడా పోగొట్టుకోమంటారా?"

షీబా ఏడవలేదు. చెంప మీద వేళ్ల గుర్తులు ఎర్రగా తేలుతున్నా చెయ్యి పెట్టి చూసుకోలేదు.

"సారీ మమ్మీ. రేపు బాగా రాస్తాను." ఆ గొంతులో ఎత్తుపల్లాలేమీ లేవు. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

మర్నాడు షీబా పెట్టిందంతా తినేసింది. దుప్పటి మడతపెట్టింది. ఎప్పుడూ చెల్లాచెదురుగా ఉండే పుస్తకాలన్నీ అలమారలో సర్దింది. స్కూటీ బయటికి తీసి, మళ్లీ స్టాండు వేసి వెనక్కి వచ్చి తల్లిని కావలించుకుంది.

"జాతీ హూఁ మమ్మీ."

'పోతున్నాను' అంది తప్ప 'వెళ్లొస్తాను' అని ఎందుకు అనలేదని ఆ క్షణంలో దెబోరాకి తట్టలేదు. ప్రార్థన ఫలించిందని కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పుకుంది. స్కూటీ మలుపు తిరిగింది. లోపలికొచ్చాక మాత్రం ఆ సర్దిన గది గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఆ పిల్ల గది ఎన్నడూ అలా ఉండలేదు.

గంట దాటాక షీబా స్నేహితురాలు అమ్ము ఫోన్ చేసింది.

"ఆంటీ, షీబా మళ్లీ ఇంటికి వచ్చేసిందా? హాల్లోకి పంపించేస్తున్నారు. దాని స్కూటీ పార్కింగ్‌లోనే ఉంది. అది మాత్రం ఎక్కడా లేదు."

దెబోరా యేసుదాసుకి ఫోన్ చేసింది. క్రేను మీదుంటే ఆయన ఫోన్ ఎత్తడు. కట్టుకున్న చీరతోనే పరిగెత్తి ఆటో ఎక్కింది. దారి పొడుగునా ప్రార్థించబోతే ఒక్క వాక్యం కుదరలేదు. 'నేను చచ్చినా నీకు' అన్న దగ్గరే మనసు ఆగిపోతోంది. ఆ మాటని తన చేత్తోనే సగంలో కొట్టేసింది.

కాలేజీ పార్కింగ్‌లో స్కూటీకి బ్యాగు వేలాడుతోంది. బ్యాగులో ఫోన్. ఆవిడ చేసిన కాల్ అందులోనే మోగుతోంది.

ముసలి కాపలాదారు దగ్గరికొచ్చాడు. "బిటియా అబ్బడ్ దేర్ ఇహాఁ బైఠే రహిస్" అన్నాడు. పిల్ల చాలాసేపు స్కూటీ మీదే కూర్చుందట. పిలిస్తే పలకలేదట. తర్వాత వచ్చి అతని ఫోన్ అడిగి ఎవరితోనో మాట్లాడి, గేటు దాటి నడుచుకుంటూ పోయిందట.

"ఎటు? కిధర్?"

అతను చెయ్యెత్తి చూపించాడు. అటు రైలు పట్టాలు తప్ప ఇంకేమీ లేవు. అంతలోనే ఏదో గూడ్సు బండి పొడుగ్గా కూత వేసింది. దెబోరా స్కూటీ సీటు గట్టిగా పట్టుకుంది.

"ఎవరికి చేసింది? నంబర్ దిఖావో భయ్యా!"

అతను ఫోన్ చూపించాడు. ఆ నంబరు చూడగానే గుర్తుపట్టింది. వాడు ఇల్లు వదిలాక, కన్నతల్లి అయ్యుండీ తను ఒక్కసారీ నొక్కని నంబరు. హార్వేది. తన ఫోన్‌లోంచే నొక్కింది.

"నా దగ్గరే ఉంది" అన్నాడు హార్వే, ఆవిడ నోరు తెరవకముందే. "బతికే ఉంది. మెల్లగా రా."

షాపు షట్టరు దించి ఉంది. పక్కనున్న ఇరుకు మెట్లెక్కి దెబోరా మొదటిసారి కొడుకు గది చూసింది. నేల మీద పరుపు. దాని మీద షీబా ముడుచుకుని పడుకుని ఉంది. హార్వే పెదాల మీద వేలు పెట్టాడు.

"లేపకు. ఎన్నాళ్లకి పడుకుందో."

"ఎక్కడ దొరికిందిరా?"

"పట్టాల పక్కన. బైకు మీద నేను వెళ్లేసరికి చెప్పులు విడిచి కూర్చుంది. ఏం చెయ్యడానికి వచ్చావే అంటే, ముఝే నహీ పతా భయ్యా, నాకే తెలీదు అంది."

దెబోరా కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ ఏడుపులోనే, అలవాటైన మాట జారిపోయింది. "పరీక్ష పోయింది కదరా..."

"పేపర్ పోయింది. చెల్లి ఉంది." హార్వే గొంతు తగ్గించే మాట్లాడాడు, కానీ ప్రతి మాటా పళ్ల మధ్య నుంచి వచ్చింది. "నాకూ ఇలాగే అయ్యేది మమ్మీ. హాల్లో కూర్చుంటే చేతులు చల్లబడిపోయేవి. ప్రశ్నలు కనిపించేవి కావు. నీతో చెప్పాను. బద్ధకం అన్నావు. దేవుడంటే భయం లేదన్నావు. పారిపోయాను కాబట్టి మిగిలాను. ఇది పారిపోయే రకం కాదు. అదీ నా భయం."

"నాకు తెలీలేదురా..."

"ఇప్పుడు తెలిసింది కదా. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్దాం. ఇలాంటివి చూసే డాక్టర్లున్నారు. కావాలంటే ప్రార్థన కూడా చేసుకో. దాని నెత్తి మీద చేతులు పెట్టించకు."

మాటలకి షీబా కళ్లు తెరిచింది. తల్లిని చూడగానే పరుపు మీద నుంచి వెనక్కి జరిగి గోడకి ఆనుకుపోయింది. అంతకుముందు రోజు దెబ్బ తగిలిన చెంపకి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పట్టాల దగ్గర చెప్పుల మాట కన్నా ఆ చెయ్యే ఎక్కువ కోసింది దెబోరాని. పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఉరుము వినిపిస్తే పరిగెత్తుకొచ్చి తన చీరలో దూరిన పిల్ల ఇది. ఇవాళ తనే ఉరుమైంది.

దగ్గరికి పోలేదు. ఉన్నచోటే నేల మీద కూలబడింది.

"కొట్టనే. ఇంకెప్పుడూ కొట్టను."

షీబా చెంప మీది చెయ్యి తీయలేదు. "అందరికీ ఏం చెప్తావ్ మమ్మీ?"

"ఏమీ చెప్పను. నువ్వు చెప్పేదే వింటాను."

"మిగతా పేపర్లు?"

"రాస్తే రాయి. లేకపోతే మానెయ్."

"రాసినా ఫెయిలైపోతే?"

కావులే, ప్రభువున్నాడు అని నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాటని దెబోరా బలవంతాన మింగింది.

"అయిపో. ఫెయిలైతే ఫెయిలైపో తల్లీ. అయిపోయి తిన్నగా ఇంటికొచ్చెయ్."

షీబా గొంతులోంచి ఎన్నాళ్లుగానో గడ్డకట్టిన ఏడుపు బయటపడింది. మోకాళ్ల మీద పాక్కుంటూ వచ్చి తల్లి ఒళ్లో తల పెట్టింది. కింద ఎక్కడో దూరంగా ఇంకో రైలు బండి కూత వినిపించింది. దెబోరా పిల్ల మణికట్టు వదలకుండా పట్టుకుని, ఆ బండి చప్పుడు పూర్తిగా పోయేదాకా ఊపిరి బిగబట్టి కూర్చుంది.

హార్వే అటు తిరిగి కిటికీలోంచి చూస్తున్నాడు. ఏడుపుకి వాడి వీపు కదులుతోంది.

"నువ్వు కూడా ఇంటికి రారా" అంది దెబోరా. "నేనే తీసుకెళ్తాను. పద."