ఐన్ రిమ్మాన్ జంటతాళం

మధ్యాహ్నం పన్నెండుకు తెరుచుకోవలసిన తూము పన్నెండుంబావు దాటినా తెరుచుకోలేదు. సమ్మతి ఫలక మీద రువైదా అరచేయి ఆనించి ఉండగానే బెదురుముల్లు ఎర్రగీత దాటి అక్కడే నిలబడిపోయింది. పంతొమ్మిదేళ్ల ఉద్యోగంలో అది ఆ గీత దాటడం ఆమె ఎన్నడూ చూడలేదు. పక్క ఫలక మీద మెనాషే చేయి ఉంది. ఆయన ముల్లు కదల్లేదు గానీ, ముఖం మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లబడింది.

కొండల నడుమ ఉన్న ఆ నీటి కేంద్రాన్ని ఐన్ రిమ్మాన్ అంటారు. పైనున్న ఇజ్రాయెలీ ఊరికీ, కిందనున్న పాలస్తీనా ఊరికీ నీళ్లు అక్కడినుంచే. కొట్టుకుని కొట్టుకుని రెండు జాతులూ అలిసిపోయాక ఉమ్మడి పాలన వచ్చింది. ఎవరి జెండా వారిది, ఎవరి ప్రభుత్వం వారిది. నీళ్లు, కరెంటు, దారులు మాత్రం ఇద్దరూ కూర్చునే ఉమ్మడి సభవి. ఆ సభ నిలబడింది జంటతాళం మీద. అటు ఒకరు, ఇటు ఒకరు చేతులు ఆనిస్తేగాని ఏ తూమూ తెరుచుకోదు. ఇక్కడ పాలస్తీనా వైపు చేయి రువైదాది, ఇజ్రాయెల్ వైపు చేయి మెనాషేది. ఆ చేయి ఇష్టంగా పెట్టిందా, మెడ మీద కత్తి ఉండి పెట్టిందా అన్నది బెదురుముల్లు తేలుస్తుంది. ఎండ చెమటకూ భయపు చెమటకూ తేడా దానికి తెలుసు. కోపం జోలికి మాత్రం పోదు. ఒకరినొకరు ప్రేమించనక్కర్లేదు, భయపడకపోతే చాలునని పెద్దలు మొదట్లోనే తీర్మానించుకున్నారు. కోపాన్ని కూడా పట్టించుకుని ఉంటే ఆ నేల మీద ఏ కుళాయిలోనూ చుక్క వచ్చేది కాదు.

చేయి పెట్టేముందు మరమియ్యా ఆకు వేసిన టీ కలిసి తాగడం వీళ్లిద్దరి అలవాటు. ఒకరోజు ఈమె కాస్తే, మరునాడు ఆయన కాస్తాడు. నిబంధనల్లో ఎక్కడా లేని ముచ్చట అది. ఇవాళ గ్లాసు మెనాషే ఎడమచేతిలోంచి జారిపోయింది. రాత్రి భుజం ఒత్తుకుపోయిందన్నాడు. వేళ మించిపోతోందని రువైదా ఆ మాట నమ్మేసింది. ఇద్దరూ చేతులు ఆనించారు, తలుపులు బిగుసుకున్నాయి. అప్పుడు ఆయన గుండె పట్టుకున్నాడు, రువైదా ముల్లు గీత దాటింది.

ఒకసారి బిగుసుకున్న తలుపులు ఇద్దరి సమ్మతీ పూర్తయితేనే వీడతాయి. ముల్లు మూడుసార్లు గీత దాటితే రెండువైపుల సాయుధులూ వస్తారు. భయపడినవారెవరు, భయపెట్టినవారెవరు అని విచారించి, అప్పుడు తలుపు తీస్తారు. ఆ విచారణ సాయంత్రానికి తెమిలితే గొప్ప. రువైదా పిలిచిన అంబులెన్స్ అప్పుడే వచ్చింది. తలుపు అవతల మనుషులు తడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

రెండోసారి చేయి పెట్టేముందు ఆమె కళ్లు మూసుకుని ఎక్కాలు చెప్పుకుంది, చిన్నప్పుడు చూసిన సముద్రాన్ని తలచుకుంది. పక్కన మెనాషే ఊపిరి ఈలలా కూస్తోంది. ముల్లు మళ్లీ గీత దాటింది. తాను భయపడితే ఆయన ప్రాణం పోతుందన్న ఆలోచనే ఆమెను వణికిస్తోంది. ఆయన వల్ల కలిగే భయమూ ఆయన కోసం పడే భయమూ ఆ ముల్లుకు ఒకటే. ఈ రెండు జాతుల్లో ఒకరి కోసం మరొకరు ఇలా వణికే రోజు వస్తుందని దాన్ని చేసినవాళ్లకు తట్టలేదు.

ఆమె చున్నీతో ఆయన నుదురు తుడిచింది. "అబూ నోగా, మీరు మాట్లాడకండి. ఒక్క నిమిషం, నేను కుదుటపడతాను," అంది. అబూ అంటే తండ్రి, నోగా ఆయన కూతురు. మగవాణ్ణి బిడ్డ పేరుతో పిలవడం రువైదా వాళ్ల మర్యాద.

మెనాషే ఆమె చేయి పక్కకు నెట్టాడు.

"మీ అమ్మను ఆపారు చూడు, ఆ గేటు దగ్గర కాపలా ఉన్నది నేనే."

రువైదాకు మొదట అర్థం కాలేదు. వెనకటి చెడ్డరోజుల్లో ఆసుపత్రికి తీసుకెళ్తున్న ఆమె తల్లిని సైనికుల గేటు దగ్గర ఐదు గంటలు ఆపేశారు. పద్నాలుగేళ్ల రువైదా ఒళ్లోనే ఆవిడ కన్నుమూసింది. కొలువులో చేరిన రెండో ఏట ఆ సంగతి మెనాషేకు చెప్పింది. బస్సెక్కి బాంబు పేలుడులో పోయిన తన అక్క సంగతి ఆయనా ఆరోజే చెప్పాడు. ఇద్దరూ ఏడ్చారు, మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

"పచ్చ కారు. గేటు తియ్యమని లోపలినుంచి అద్దం మీద కొట్టావు. విన్నాను. సిగరెట్టు అయ్యాక చూద్దాంలే అనుకున్నాను."

"ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"నీ చేతితో పని ఉంది గనక. పెట్టు, పెట్టి పో."

ఆమెలో భయమంతా ఒక్కసారిగా చల్లారిపోయింది. ఈ మనిషి చస్తే చావనీ అనుకుంది. నిజంగానే అనుకుంది. చేయి ఫలక మీద ఆనించింది. ముల్లు సున్నా మీద పడుకుంది. తూము అరుచుకుంటూ తెరుచుకుంది, తలుపులు వీడాయి, తెల్లకోట్లవాళ్లు లోపలికి దూసుకొచ్చారు.

స్ట్రెచర్ మీద ఆయన ముక్కు మీది గొట్టం పక్కకు లాగి, "అబద్ధం చెప్పాను రువైదా. నువ్వు చెప్పిందే నీకు తిప్పి చెప్పాను," అన్నాడు.

పచ్చ కారు సంగతి ఆమె చెప్పింది, అది గుర్తుంది. అద్దం మీద కొట్టిన సంగతి చెప్పిందా? ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. నిజమైనా సరే, ఆయన ఇప్పుడు అబద్ధమనే అంటాడు. పంతొమ్మిదేళ్లుగా ఎరిగిన మనిషి, ఆ మాత్రం ఆమెకు తెలుసు.

సాయంత్రం నోగా ఫోను చేసింది. నాన్నకు గండం గడిచిందనీ, నెల్లాళ్లలో పనిలోకి రావచ్చన్నారనీ, కళ్లు తెరిచినప్పటినుంచీ రువైదా ఏదని అడుగుతున్నాడనీ చెప్పింది. వస్తానని చెప్పి రువైదా చెప్పులు వేసుకుంది, గుమ్మం దాకా వెళ్లింది. మళ్లీ ఆ గదిలో, బిగుసుకున్న తలుపుల వెనక, ఆయన చేతి పక్కన తన చేయి పెట్టాలన్నది తలుచుకోగానే అరచేతులు తడిసిపోయాయి. ఇన్నేళ్లలో మొదటిసారి ఆమెకు మెనాషే అంటే భయం వేసింది.