ఫర్నిచర్ షాపు మొగుడు

"నెక్స్ట్!" అంది సూదమ్మ తలెత్తకుండా.

నొప్పి తెలియకుండా రక్తం తీస్తుందని ల్యాబ్‌లో వాళ్లు పెట్టిన పేరది. ముందున్న బల్ల మీద ఒక చెయ్యి వచ్చి వాలింది. మోచేతి పైకి మడిచిన మిలటరీ చొక్కా, దాని మీద వానచుక్కలు. ఆ చెయ్యి ఆమెకి కంఠతా వచ్చు.

తలెత్తింది. మొగుడు! పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

ఆమె గుండె జారింది. ప్రేమతో కాదు, భయంతో.

ఏడేళ్లలో ఐదు ఊళ్లు, ఐదు ల్యాబులు మారింది. మొగుడికి బదిలీ అయిన ప్రతిసారీ ఆమె మళ్లీ కొత్తగా చేరిన పిల్లే. ఇంటర్వ్యూలో పని గురించి అడిగేవాడు లేడు. "మీవారేం చేస్తారు?" అనేవాళ్లే. మిలటరీ అనగానే లేచి దండం పెట్టినవాడు కూడా ఉన్నాడు. దండం పెట్టాడు, ఉద్యోగం ఇవ్వలేదు. ఒళ్లు మండి ఈ ఆరో ల్యాబ్‌లో "ఫర్నిచర్ షాపు" అనేసింది. ఆ పూటే తీసుకున్నారు. ఈ సాయంత్రం ల్యాబ్‌కి కొత్త ఇన్‌ఛార్జ్ ఎవరో చెప్పబోతున్నారు. అది సూదమ్మేనని అటెండర్‌కి కూడా తెలుసు.

మొగుడికి మాత్రం ఈ అబద్ధం సంగతి తెలియదు.

"మీ పేరు?" అంది, ఎవరో అన్నట్టు.

అతనికి అది సరసంలా తోచింది. "పేరెందుకులెండి. పెళ్లయింది. మా ఆవిడ మహా కోపిష్టి. అందంగా ఉంటుంది కాబట్టి సర్దుకుపోతున్నా."

"పిడికిలి బిగించండి."

"బిగిస్తే చెయ్యి పట్టుకుంటారా?"

"అబ్బా!" అన్నాడు మరుక్షణం. సూదమ్మ చేతిలో పేషెంటు అరవడం అదే మొదలు.

అప్పుడు కౌంటర్ దగ్గరి అమ్మాయి కేకేసింది: "సూదమ్మా! ఈ సార్ ఇచ్చిన ఎమర్జెన్సీ నెంబరు నీదే చూపిస్తోంది! మీవారా? చెప్పవేం!"

ఏ ఫారమ్ ఇచ్చినా, తనకేమైనా అయితే ఎవరికి కబురు చెయ్యాలో ముందు రాయడం మిలటరీవాళ్ల అలవాటు. ఆ అలవాటే కొంప ముంచింది.

మేనేజర్ గదిలోకి పిలిచాడు. "ఫర్నిచర్ షాపన్నారు?"

"నిజం చెబితే తీసుకునేవారా సార్?"

"ఇన్‌ఛార్జ్ అంటే నిలకడగా ఉండాలమ్మా. రేపు ఆయన్ని ఇంకెక్కడికో వేస్తారు. మీరూ వెళ్తారు."

"పాత ఇన్‌ఛార్జ్ నెల తిరక్కుండా ఎదురు ల్యాబ్‌కి దూకాడు. వాళ్లావిడ ఏం చేస్తుందని ఆయన్ని అడిగారా?"

మేనేజర్ ఒక తెల్లకాగితం ఆమె ముందుకు తోశాడు. "మీవారు వెళ్లినా మీరు ఇక్కడే ఉంటానని రాసివ్వండి. కుర్చీ మీదే. ఐదింటిలోపు."

మొగుడు బయట వసారాలో గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. వాన దంచుతోంది.

"ఫర్నిచర్ షాపా? నాకు మేకు కొట్టడం కూడా రాదే!"

ఆమె నవ్వలేదు. "ఎందుకొచ్చావ్?"

"మెడికల్ రిపోర్ట్ కావాలి."

"ఎందుకని?"

అతను గొడుగు వంక చూశాడు. ఆమెకి అర్థమైపోయింది.

"ఎప్పుడు?"

"ఇరవై రోజుల్లో. ఫ్యామిలీని తెచ్చుకోవచ్చట. క్వార్టర్ కూడా ఇస్తారు."

"ల్యాబ్ ఇస్తారా?"

"నేనేం చెయ్యను? ఆర్డర్ నాది కాదుగా!"

"ఆర్డర్ నీది కాదు. ఉద్యోగం పోయేది మాత్రం ప్రతిసారీ నాదే."

"అంటే... నేనంటే ప్రేమ లేదా?"

"లేదని ఎవడన్నాడు? ఏడేళ్లు నీ వెనక తిరిగింది ఊళ్లు చూద్దామనా?" ఆమె చెయ్యి చాపింది. "పెన్నివ్వు."

జేబులోంచి తీసిచ్చాడు.

"వెనక్కి తిరుగు."

అతని వీపు మీద కాగితం ఆనించి రాసింది. మొగుడికి బదిలీ అయినా ఉద్యోగం విడవనని. అక్షరం అక్షరం అతని వీపుకి తెలుస్తూనే ఉంది. సంతకం దగ్గర పెన్ను కాసేపు ఆగింది. అతను కదల్లేదు. ఇలాంటి కాగితం ఆ ల్యాబ్‌లో ఏ మగాడూ రాయలేదు. రాయమని అడిగే దమ్మున్న మేనేజరూ పుట్టలేదు.

"రాశావా?" అన్నాడు తిరక్కుండానే.

"రాశాను."

"సెలవు దొరికితే ఎక్కడికి రావాలి?"

"ఇక్కడికే. టోకెన్ తీసుకుని కూర్చో. పిలుస్తా."

అతను కళ్లు తుడుచుకున్నాడు. వాన జల్లు కొట్టిందని చెప్పుకోవడానికి వీలుగానే ఉంది.

"రిపోర్ట్ రేపు వస్తుంది," అంది. పెన్ను తిరిగివ్వలేదు, కాగితం మడిచి లోపలికి నడిచింది. గుమ్మం దగ్గర ఆగింది. "ఏయ్! అక్కడి ఫారాల్లో కూడా నా నెంబరే రాయి. మార్చావో, చంపేస్తా."