మణికట్టులో అదురు

ఇస్త్రీ కొట్టు ఆవిడ మణికట్టులో, చర్మం కింద, పెసరగింజంత యంత్రం ఉంది. దాని జత ఆవిడ భర్త ఛాతీలో ఉండేది. ఆయన లిఫ్టు మెకానిక్కు, రోజంతా చీకట్లో తాళ్ల మధ్య వేలాడే మనిషి. ఆయన గుండె కొట్టుకోవడం ఈవిడ మణికట్టులో తెలిసేది, ఈవిడది అక్కడ ఆయనకి తెలిసేది. ఆవిడ ఎవరితోనైనా పోట్లాటకి దిగితే చాలు, ఆయన ఫోన్ చేసి ఇవాళ ఎవరి మీద పడ్డావని నవ్వేవాడు.

అంత ప్రమాదమైన పనిలో ఉన్న మనిషి చివరికి మామూలు జ్వరంతో పోయాడు. ఆసుపత్రి నర్సు ఆయన గింజ తీసేసి, ఆవిడది కూడా మర్నాడే తీయించుకోమంది. జతలో ఒకటే ఉండిపోకూడదంది. ఆవిడ సరేనని తలూపింది, వెళ్లలేదు. మూగదైతేనేం, ఆయన ఉన్న చోటు కదా.

కొన్ని వారాలకి, ఒక ముసురు సాయంత్రం, దుప్పటి ఇస్త్రీ చేస్తుంటే కరెంటు పోయింది. కొట్టంతా తడిగుడ్డ వాసన. రేకుల మీద సన్నగా చినుకులు. ఆ చీకట్లో మణికట్టు అదిరింది.

ఒకటి... రెండు... మూడో అదురు దగ్గర చిన్న తడబాటు.

ఆయనదే. ఆ తడబాటుని ఆవిడ నిద్రలో కూడా గుర్తుపడుతుంది. ఉన్నచోటే కూలబడి బావురుమంది. కాస్త తేరుకుని నర్సుకి ఫోన్ చేసి చెప్పింది. అవతల నర్సు అల్మారా తెరిచిన చప్పుడు వినిపించింది.

"అక్కా, ఆయన గింజ నా ముందే సీసాలో ఉంది. ఆరిపోయే ఉంది. మీరు వెంటనే వచ్చేయండి, తీసేద్దాం."

ఆవిడ గడప దాకా వెళ్లింది. అప్పుడే అదురు వేగం పెరిగింది. ఇంకా... ఇంకా... ఆయన పరిగెడుతున్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆ గుండె ఇంతలా బెదరడం ఆవిడ ఎరగదు. ఇప్పుడు గింజ తీయించేస్తే, ఆయనకి ఎవరున్నారు?

వెనక్కి వచ్చి కూర్చుంది. తన గుండె ఆయనకి తెలుస్తుందేమోనని దడని అణుచుకుని, నెమ్మదిగా ఊపిరి తీసుకుంది. మణికట్టుకి పెదాలు ఆనించి గుసగుసగా అంది.

"భయపడకండి. నేనున్నాను. ఇటు వచ్చేయండి."

విన్నట్టే, అదురు నెమ్మదించింది. ఇంకా నెమ్మదించింది. ఆగిపోయింది.

ఒకే మనిషిని రెండుసార్లు పోగొట్టుకోవడం పగవాళ్లకి కూడా వద్దు. ఏడవడానికి కూడా ఆవిడలో ఏమీ మిగల్లేదు.

చాలాసేపటికి మళ్లీ ఒక అదురు. బరువుగా. ఎంతో ఆగి, ఇంకొకటి. మూడోది. తడబాటు లేదు.

అది ఆయనది కాదు.

ఆవిడ ఊపిరి బిగబట్టింది. గుండెని మాత్రం ఎలా ఆపుకుంటుంది? అది దడదడలాడుతూనే ఉంది. అవతలిది ఆగి, కాసేపు విన్నట్టుంది. తర్వాత అచ్చం ఆవిడ దడకి దడ కలుపుతూ కొట్టుకోవడం మొదలెట్టింది.