ఉల్లిపాయ తేనె

“ప్రయాణికులకు విజ్ఞప్తి. ఉదయం ఎక్స్‌ప్రెస్... ఖళ్ ఖళ్... నంబరు ప్లాట్‌ఫారం మీద... ఖళ్... సిద్ధంగా ఉంది.”

ఏ నంబరో ఎవరికీ వినపడలేదు. బస్టాండులో సగం మంది ఇటు పరుగెత్తారు, సగం మంది అటు పరుగెత్తారు. ఒక పెద్దాయన తడిసిన గొడుగుతో సహా ఎంక్వైరీ కిటికీ మీద పడ్డాడు.

“ఏమ్మా, బస్సు ఏ ప్లాట్‌ఫారం?”

“నాలుగండీ,” అంది కిటికీ వెనక కూర్చున్న అమ్మాయి.

“ఏంటి?”

“నాలుగు.”

“కాస్త గట్టిగా చెప్పమ్మా! ఆయనేమో దగ్గుతాడు, నువ్వేమో గుసగుసలాడతావు. ఇది బస్టాండా, ఆసుపత్రా?”

ఆ అమ్మాయిని ఇంట్లో అమ్మమ్మ పిచ్చుక అంటుంది. గొంతు అంత చిన్నది. కిటికీ ముందుకు వచ్చినవాళ్ళు రెండోసారి అడగకుండా వెళ్ళిన రోజు లేదు.

ఆమె కుర్చీ పక్కన గాజు గోడ, దాని అవతల అనౌన్స్‌మెంట్ గది. అందులో కూర్చునే అతన్ని అందరూ మైకుబాబు అంటారు. దూరంగా ఉరుము మెల్లగా దొర్లినట్టుండే గొంతు అతనిది. వట్టి బస్సుల వేళలు చదువుతున్నా, తనకే ఏదో కబురు చెబుతున్నట్టు ఉండేది పిచ్చుకకు. ఆ మాట ఎవరితోనూ అనలేదు. అన్నా ఎవరికీ వినపడేది కాదు.

ఇప్పుడా గొంతుకే ముప్పు వచ్చింది.

ఇకమీదట మైకులో మనిషి చదవక్కర్లేదట. ఒక్క గొంతు రికార్డు చేసి కంప్యూటర్లో పెడతారట. బస్టాండు అధికారి కంట్రోలర్ గారికి ఎవరి గొంతు నచ్చితే వాళ్ళు ఆ పని చూసుకుంటూ ఇక్కడే ఉంటారు. రెండోవాళ్ళు కొండల అవతలి డిపోకు వెళ్ళాలి. శుక్రవారమే పరీక్ష. పోటీలో ఉన్నది ఇద్దరు: మైకుబాబు, ఈ మధ్యే చేరిన కొత్తమ్మాయి.

కొత్తమ్మాయి గలగలా మాట్లాడుతుంది, గలగలా నవ్వుతుంది. ఒకే గది, ఒకే మైకు కావడంతో మైకుబాబు దగ్గు ఆమెకూ అంటుకుంది. అతను ఖళ్ మంటే ఆమె ఖళ్ మంటుంది. ఆ వెంటనే ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటారు.

చివరికి దగ్గును కూడా పంచుకుంటున్నారు! గాజు గోడ ఇవతల పిచ్చుకకు ఒళ్ళు మండిపోయింది.

“అమ్మమ్మా, దగ్గుకు ఏం చేస్తారు?” సాయంత్రం ఇంటికి వెళ్ళగానే అడిగింది.

“ఎవరికి?”

“ఆఫీసులో ఒకరికి.”

“ఒకరంటే మగా, ఆడా?”

“దగ్గుకు మగా ఆడా ఏంటి అమ్మమ్మా!”

“దగ్గుకు లేదులే. నీ మొహంలో కనిపిస్తుంటే అడిగా. పో, నాలుగు ఉల్లిపాయలు తీసుకురా.”

అమ్మమ్మ చెబుతుంటే పిచ్చుక తరిగింది. గాజు సీసాలో ఒక వరస ఉల్లిపాయ ముక్కలు, పైన తేనె. మళ్ళీ ముక్కలు, మళ్ళీ తేనె.

“కాస్త వేడి చేస్తే తొందరగా అవుతుందేమో?”

“తేనెను పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళావంటే ఊరుకోను. మూత పెట్టి వదిలెయ్. దాని పని అది చేసుకుంటుంది.”

తెల్లారేసరికి ముక్కలు వాడిపోయి, వాటి నీరంతా తేనెలోకి దిగి పల్చటి పాకంలా అయింది. పిచ్చుక వడగట్టి, చిటికెడు మిరియాల పొడి కలిపింది. మళ్ళీ రాత్రికి పనికొస్తాయని ఇంకో నాలుగు ఉల్లిపాయలు పక్కన పెట్టుకుంది కూడా.

గాజు గోడలో కాగితాలు అందించుకునే చిన్న సందు ఉంది. అందులోంచి సీసా అవతలికి తోసింది.

“ఇది... దగ్గుకండీ.”

“ఏంటండీ?”

“దగ్గుకు! రోజంతా కొంచెం కొంచెంగా తాగండి. ఖాళీ అయితే చెప్పండి, మళ్ళీ తెస్తాను.”

మైకుబాబు మూత తీశాడు. కళ్ళు పెద్దవయ్యాయి. ఊపిరి బిగబట్టి మూత పెట్టేశాడు. “చాలా... బాగుందండీ,” అన్నాడు. సీసాను చేతిలో తిప్పుతూ, “ఖాళీ అయితే మళ్ళీ తెస్తారా?” అని అడిగాడు.

“తెస్తాను.”

సాయంత్రానికి సీసా ఖాళీగా తిరిగొచ్చింది. మర్నాడు కూడా అంతే. పిచ్చుకకు గాల్లో తేలుతున్నట్టుంది. ఉల్లిపాయలు తరుగుతూ ఏడుస్తోంది, ఏడుస్తూ నవ్వుతోంది. అమ్మమ్మ ఓరకంట చూసి ఊరుకుంది.

ఒక్కటే అర్థం కాలేదు. సీసాలు ఖాళీ అవుతున్నాయి, అతని దగ్గు మాత్రం వీసమెత్తు తగ్గలేదు.

బుధవారం పొద్దున కొత్తమ్మాయి కిటికీలోంచి తల దూర్చింది.

“అక్కా! వాన భలే పడుతోంది కదా!”

గుప్పుమని ఉల్లిపాయ వాసన. పిచ్చుక కుర్చీలో వెనక్కి జరిగింది.

“నీ దగ్గు తగ్గినట్టుందే?” అంది మెల్లగా.

“మొత్తం పోయిందక్కా! గొంతు చూడు, గంటలా ఉంది. మైకుబాబు గారు ఏదో తేనె ఇచ్చారు. భలే ఉంది. బ్రెడ్డు మీద రాసుకుని మరీ తిన్నా!”

“బ్రెడ్డు మీద...”

“సీసా అడుగున మిగిలింది కూడా వేలితో నాకేశా అనుకో!”

పిచ్చుక కుర్చీలోంచి లేచి నిలబడింది. కళ్ళు మండించుకుని తను తరిగిన ఉల్లిపాయలు ఎవరి గొంతును నునుపు చేస్తున్నాయి! పరీక్షలో అతన్ని ఓడించి, కొండల అవతలికి పంపేయబోయే గొంతును! అతనికి పోటీగా ఉన్న మనిషిని తన చేతులతోనే నయం చేసింది. అదీ అతను ప్రేమగా తినిపిస్తే!

ఆ రోజు ఎంక్వైరీ కిటికీ దగ్గర ఎవరూ రెండోసారి అడగలేదు.

“బస్సు ఎప్పుడమ్మా?”

“వచ్చినప్పుడు!”

“ఏ ప్లాట్‌ఫారం?”

“బోర్డు మీద రాసుంది, కళ్ళు లేవా!”

గొడుగు పెద్దాయన పక్కనున్నవాళ్ళతో గుసగుసలాడాడు. “ఈ అమ్మాయికి గొంతు ఉందయ్యా!”

సాయంత్రం వాన వదల్లేదు. పిచ్చుకా మైకుబాబూ బస్టాండు చూరు కిందే ఆగిపోయారు. అతను ఖాళీ సీసా అందించబోయాడు. పిచ్చుక అందుకోలేదు.

“అయిపోయిందండీ.”

“అయిపోతుంది మరి! బ్రెడ్డు మీద రాసుకుంటే ఎంతసేపు?”

అతని మొహం పాలిపోయింది. “అదీ...”

“ఆవిడకు అంత నచ్చితే నేనే నేరుగా ఇచ్చేదాన్ని కదా! మధ్యలో మీరెందుకు, పోస్టుమాన్‌లాగా? పచ్చి ఉల్లిపాయలు తరిగితే తెలుస్తుంది మీకు! ముక్కూ కళ్ళూ ఏకమైపోయాయి నాకు!”

“నాకు ఉల్లిపాయ పడదండీ,” అన్నాడతను ఒక్క గుక్కలో. “చిన్నప్పటి నుంచీ. వాసన తగిలితే కడుపులో తిప్పేస్తుంది.”

“ఆ ముక్క మొదటి రోజే చెప్పొచ్చుగా!”

“చెబితే మీరు మళ్ళీ తీసుకురారు.”

“తీసుకురాను! తాగని మనిషికి ఎందుకు తేవడం?”

“అందుకే చెప్పలేదు.” అతను వాన వైపు చూస్తూ అన్నాడు. “ఎన్నాళ్ళ నుంచో పక్కపక్కనే కూర్చుంటున్నాం. మీరు నాతో మాట్లాడింది ఆ సీసా ఇచ్చిన రోజే. ఖాళీ అయితే మళ్ళీ తెస్తానన్నారు. పారబోయడానికి మనసు రాలేదు. ఆ పిల్ల దగ్గుతోంది కదా అని ఇచ్చేశాను. నాకు కావలసింది ఖాళీ సీసా అండీ.”

వాన శబ్దం ఒక్కసారిగా పెద్దదయినట్టు అనిపించింది. పిచ్చుక కోపం ఎటు పోవాలో తెలియక అక్కడే తచ్చాడింది.

“ఆవిడతో అంత నవ్వుతారెందుకు?” అంది చివరికి. పాత గుసగుస మళ్ళీ వచ్చేసింది.

“దగ్గు తన్నుకొస్తుంటే ఇద్దరికీ నవ్వొస్తుంది. అంతే.”

“రేపటి నుంచి నా ఎదురుగా తాగాలి. వడగట్టిన మందు మొత్తం.”

“మొత్తమా?”

“మీరు కొండల అవతలికి పోతే నేనెవరికి తేవాలి?”

ఆ మాట ఎలా నోరు జారిందో ఆమెకే తెలియదు. సీసా లాక్కుని వానలో పరుగెత్తింది.

గురువారం అతను గాజు గోడ అవతల కూర్చుని, ముక్కు మూసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని చంచా తర్వాత చంచా మింగాడు. పిచ్చుక రెప్ప వెయ్యకుండా చూసింది. కొత్తమ్మాయి సీసా వైపు చెయ్యి చాచబోయి, పిచ్చుక చూపు తగిలి వెనక్కి తీసుకుంది.

శుక్రవారం కంట్రోలర్ గారు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నారు. కొత్తమ్మాయి గంటలా చదివింది కానీ, మధ్యలో రెండు చోట్ల నవ్వాపుకోలేకపోయింది. తర్వాత మైకుబాబు. ఉరుము మళ్ళీ మెల్లగా దొర్లింది. బస్సు తర్వాత బస్సు సాఫీగా వెళ్ళిపోతోంది. చివరి వాక్యం దగ్గర అతని గొంతు పట్టేసింది. భుజాలు ఎగిరాయి. దగ్గు తన్నుకొస్తోంది.

 ఏం చెయ్యాలో తోచక, పిచ్చుక నిండు సీసా ఎత్తి గాజు గోడకు ఆనించి చూపించింది.

సీసాను చూడగానే మైకుబాబు గట్టిగా గుటక వేశాడు. వచ్చే దగ్గు హడలిపోయి వెనక్కి దిగిపోయింది. “...మీ ప్రయాణం సుఖంగా సాగాలని కోరుకుంటున్నాం,” అని పూర్తి చేశాడు.

“ఈ గొంతే ఉంచుదాం,” అన్నారు కంట్రోలర్ గారు.

“నాకు కొండల అవతల సొంతంగా ఒక మైకు ఇస్తారట అక్కా!” అని కొత్తమ్మాయి గెంతుతూ వచ్చింది. “వెళ్ళేముందు ఆ తేనె ఎలా చెయ్యాలో చెప్పవా?” పిచ్చుక కాగితం మీద రాసిచ్చింది. అంత సంతోషంగా ఆ అమ్మాయికి ఏదీ ఇవ్వలేదు.

సాయంత్రం ఎంక్వైరీ వరసలో మైకుబాబు నిలబడ్డాడు. తన వంతు రాగానే ఖాళీ సీసా బల్ల మీద పెట్టాడు. పిచ్చుక అనుమానంగా చూసి, ముందుకు వంగి వాసన చూసింది. సందేహం లేదు, అతనే తాగాడు.

“దగ్గు తగ్గిందిగా. ఇంకా సీసా ఎందుకు?”

“ఎందుకో నీకు తెలుసు.”

మొదటిసారి నువ్వు అన్నాడు. పిచ్చుక పెదాలు కదిలాయి.

“ఏంటీ? వినపడలేదు.”

మళ్ళీ కదిలాయి.

“గట్టిగా చెప్పమ్మా!” వెనక నుంచి గొడుగు పెద్దాయన అరిచాడు. “మాకూ బస్సులున్నాయి!”

“అమ్మమ్మ నిన్ను ఇంటికి రమ్మంది!” పిచ్చుక గొంతు ప్లాట్‌ఫారాల చివరిదాకా వెళ్ళింది. “ఈసారి ఉల్లిపాయలు నువ్వే తరగాలట! ఇంకోసారి ఎవరికైనా ఒక్క చంచా ఇచ్చావంటే మాత్రం చూడు!”