మీగడ రంగు దారం

ట్రూడీ నన్ను చూసి అన్న మొట్టమొదటి మాట, "ముందు ఆ బూట్లు బయట విప్పండి."

తప్పు నాదే. పందుల కొట్టం నుంచి తిన్నగా వచ్చాను. చంకలో అమ్మ కుట్టిన బొంత పైగుడ్డ ఉంది. జూన్‌లో మా చెల్లెలు డార్సీ పెళ్ళి. మా నెబ్రాస్కా పల్లెల్లో పెళ్ళికి కేకు లేకపోయినా క్షమిస్తారు గానీ, పుట్టింటి బొంత లేకపోతే ఊరుకోరు. అమ్మ ముక్కలన్నీ అతికి పైగుడ్డ పూర్తి చేసిన మర్నాడే చర్చి మెట్ల మీద మంచుకి జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. పైగుడ్డ, మధ్యలో దూది, అడుగుగుడ్డ, మూడూ కలిపి కుట్టే పని మిగిలిపోయింది. నాన్నకి సూదంటే పశువుల ఇంజెక్షనే. ఇక దొరికింది నేను.

ట్రూడీ నడిపే బొంతల షాపు వెనక గదిలో ఒక పెద్ద మెషిన్ అద్దెకిస్తారు. బొంతని చట్రానికి బిగించి, మెషిన్ పిడులు పట్టుకుని గుడ్డ మీద నడపాలి. గోడకున్న నమూనాల్లో అన్నిటికన్నా అందమైన ఈకల డిజైన్ చూపించి, దానికి ఎర్ర దారం ఇమ్మన్నాను.

"ఇంతకుముందు ఏం కుట్టారు?" అంది ట్రూడీ.

"పంది చెవి."

"బతికిందా?"

"బతికింది. చెవి కాస్త వంకర."

"అయితే చుట్టల డిజైన్, మీగడ రంగు దారం తీసుకోండి. ఈకలకి వచ్చిన గీత మీదే వెనక్కి పోవాలి, అది మీ వల్ల కాదు. చుట్టలు ఎటు తిరిగినా చుట్టలే. దారం గుడ్డ రంగులో ఉంటే తప్పులు కనిపించవు. ఎర్రదైతే పెళ్ళికొచ్చిన వాళ్ళు పెళ్ళికూతుర్ని వదిలేసి మీ తప్పులు చూస్తారు."

పొలంలో మొక్కజొన్న చాళ్ళు గీత గీసినట్టు వేస్తానని గొప్పలు పోయాను. ట్రాక్టర్‌కి దారి చూపే యంత్రం ఉంటుంది కదా అని అడిగింది. ఇక మీగడ రంగు రీలే తీసుకున్నాను.

ముందు పాత గుడ్డ మీద సాధన చేయించింది. పిడుల్ని నేను పట్టుకున్న తీరు చూసి, మెషిన్ పీక పిసికేస్తున్నావంది. గీతలు మర్చిపోయి నీ పేరు కలిపిరాతలో కుట్టు, చెయ్యి దానంతటదే తిరుగుతుందంది. వెండెల్ అని కుట్టాను. కోడి కెలికినట్టు వచ్చింది. ఆమె అటు తిరగగానే ట్రూడీ అని కుట్టాను. ముత్యాల్లా వచ్చింది.

ఆ తర్వాత పని సాగదీశాను. బాబిన్‌లో దారం అయిపోయిందని ఒకరోజు, సూది మొద్దుబారిందని ఒకరోజు. బయట వాన పడితే పొలానికి పోలేనని చెప్పి ఇంకాసేపు కూర్చునేవాణ్ణి. నాకామె అంటే పిచ్చి ఇష్టం పట్టుకుంది. చెప్పడానికి మాత్రం నోరు పెగలలేదు. చెప్తే నవ్వుతుందని భయం. నవ్విందంటే ఇక ఆ షాపు గడప తొక్కే మొహం నాకుండదు.

ఆఖరి రోజు బొంత అంచు మీద, చుట్టల మధ్య, ఆమె పేరు కుట్టేశాను. మీగడ గుడ్డ మీద మీగడ దారం. ఎవడికి కనిపిస్తుంది? ట్రూడీ ట్యూబ్‌లైటు కింద బొంతంతా చూసి, పంది కంటే బాగానే కుట్టావని మెచ్చుకుంది.

మే నెలలో డార్సీకి కానుకలిచ్చే విందు మా ఇంట్లోనే జరిగింది. ఊళ్ళో ఆడవాళ్ళందరూ వచ్చారు. అమ్మ ట్రూడీని కూడా పిలిచింది. నేను కుర్చీలు మోస్తున్నాను.

మార్లిస్ అత్త బొంత విప్పి కిటికీ దగ్గర ఎత్తిపట్టుకుంది. సాయంత్రపు ఎండ పక్కనుంచి పడింది. ఆ వెలుగులో ప్రతి కుట్టూ ఉబ్బి పైకి తేలింది.

"ట్రూడీ ఎవరే?" అంది అత్త, గదంతా వినపడేలా.

జెల్లీ గిన్నెల్లో చెంచాలు ఆగిపోయాయి. కాళ్ళ కింద నేల చీలితే పందులతో సహా దిగిపోయేవాణ్ణి.

డార్సీ బొంతని చూసింది, ట్రూడీని చూసింది, తర్వాత నన్ను. "పరాయి పిల్ల పేరున్న బొంత నేను కప్పుకోను అన్నయ్యా. ఇంటి పిల్లదైతే వేరే సంగతి."

"అడిగెయ్యరా, కాఫీ చల్లారిపోతోంది," అంది అమ్మ.

"నువ్వంటే నాకిష్టం ట్రూడీ," అన్నాను. "ఆ బొంత ఎప్పటికీ పూర్తి కాకూడదని రోజూ అనుకునేవాణ్ణి."

ఆమె నవ్వలేదు. సంచిలోంచి కుట్లు విప్పే పరికరం తీసి, అంచు దగ్గర వంగింది. మొత్తం ఊడదీసేస్తుందనుకున్నాను. ఆ మొనతో దారం కొస ఒక్కటే పైకి లేపి నాకు చూపించింది.

"చివర ముడి వెయ్యమని ఎన్నిసార్లు చెప్పాను? రెండు ఉతుకులకి నా పేరు ఊడిపోతుంది."

పరికరం పక్కన పెట్టి, సంచిలో వెతికి, సూదిలోకి ఎర్ర దారం ఎక్కించింది. అందరూ చూస్తుండగా తన పేరు చివర గట్టిగా ముడి వేసింది.

"కనిపిస్తుందే," అన్నాను.

"కనిపించనీ," అంది.